పాత పికప్‌కి బలం ఎక్కడ పెంచాలి? ఇంజిన్ పని, క్రౌన్ మార్పు, గేర్‌బాక్స్, టర్బో: మన ఘాటీ రోడ్లకు ఏది సరిపోతుంది

కొరాపుట్, రాయగడ, గజపతి జిల్లాల్లో పదిహేను, ఇరవై ఏళ్ల నాటి పికప్‌లు ఇంకా ఎన్నో ఇళ్లకు అన్నం పెడుతున్నాయి. టాటా 207 డీఐ కావచ్చు, మహీంద్రా పాత బొలెరో పికప్ కావచ్చు. ఈ బళ్ల ఓనర్ల నోట ఎక్కువగా వినపడే మాట ఒకటే: "బండి లాగట్లేదు." సాలూరు దాటి సుంకి వైపు ఎక్కుతుంటే మూడో గేరు నిలవదు, రెండులోకి దింపితే ఇంజిన్ అరుస్తుంది, టెంపరేచర్ ముల్లు పైకి పోతుంది. అప్పుడు ప్రతివాళ్లూ ఒక సలహా ఇస్తారు. ఒకరు బోరు పని, అంటే ఇంజిన్ విప్పి పిస్టన్లు, రింగులు, లైనర్లు మార్చే పని, చేయించమంటారు. ఇంకొకరు "బావా, టర్బో పెట్టించేయ్, ఎగిరిపోద్ది" అంటారు; టర్బో అంటే ఇంజిన్‌లోకి గాలిని ఎక్కువగా తోసే యంత్రం. క్రౌన్ పినియన్ (వెనక ఇరుసు హౌసింగ్‌లో ఉండే పెద్ద, చిన్న పళ్లచక్రాల జత) మార్చమనేవాళ్లు, ఐదు గేర్ల బాక్స్ వేయమనేవాళ్లు, ఏకంగా ఇంజిన్నే మార్చేయమనేవాళ్లు ఉంటారు.

ఇవన్నీ ఒకే జబ్బుకు మందులు కావు. ముందు బండి పోగొట్టుకున్న బలాన్ని తిరిగి తెచ్చుకోవాలి. తరువాత ఆ బలం చక్రానికి సరిగ్గా అందేలా గేరింగ్ చూసుకోవాలి. కొత్త బలం కొనడం ఆఖరి పని. ఈ వరస తప్పితే డబ్బు రెండుసార్లు ఖర్చవుతుంది. ఎందుకో కింద లెక్కలతో సహా రాస్తున్నాను.

## ముందు తేల్చుకోవాల్సినవి

లోడు ఏ దిక్కుకు వెళ్తుంది? అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే, కానీ ఎవరూ అడగరు. పొట్టంగి, సెమిలిగుడ, కుందులి సంతల నుంచి క్యాబేజీ, టమాటా, అల్లం వేసుకుని విజయనగరం, విశాఖ వెళ్లే బండి లోడుతో దిగుతుంది, ఖాళీగానో తేలికగానో ఎక్కుతుంది. కిరాణా, సిమెంటు, ఇనుము వేసుకుని సాలూరు నుంచి కొరాపుట్, జైపూర్ వెళ్లే బండికి ఇది తిరగబడుతుంది. మొదటి బండికి ఇంజిన్ బలం కంటే దిగేటప్పుడు ఇంజిన్ పట్టు, బ్రేకులు ముఖ్యం. రెండో బండికి ఎక్కే బలం, ఇంజిన్ చల్లగా ఉండడం ముఖ్యం. ఒకే మోడల్, ఒకే సంవత్సరం బళ్లయినా ఈ రెండింటికీ సలహా ఒకటి కాదు.

నెలలో ఘాటీ ఎంత, మైదానం ఎంత? రాయగడ నుంచి గుణుపురం, పర్లాకిమిడి వైపు తిరిగే బండికీ, రోజూ ఎన్‌హెచ్ 26 మీద సుంకి ఎక్కిదిగే బండికీ కావాల్సిన గేరింగ్ వేరు.

ఇంజిన్ ఆరోగ్యం ఎలా ఉంది? కంప్రెషన్ (సిలిండర్‌లో గాలిని నొక్కిపట్టే శక్తి) పోయిన ఇంజిన్‌కు ఏ గేరింగ్ మార్పూ, ఏ టర్బో పనికిరావు.

బండి ఎన్నాళ్లు ఆగగలదు? సంత సీజన్‌లో షెడ్డులో పడుకున్న ప్రతి రోజూ నష్టమే.

కాగితాలు. ఒడిశా రిజిస్ట్రేషన్ బండి ఆంధ్రలోకి, ఆంధ్ర బండి ఒడిశాలోకి రోజూ వస్తూపోతూ ఉంటాయి. రెండు వైపులా చెకింగ్ ఉంటుంది కాబట్టి ఆర్సీలో ఉన్నదీ బానెట్ కింద ఉన్నదీ ఒకటిగా ఉండాలి.

## ఘాటీ అసలు ఎంత బలం అడుగుతుంది?

ఈ లెక్క ఒకసారి చూస్తే చాలా సలహాలు వాటంతటవే తేలిపోతాయి. బండి, లోడు కలిపి 3 టన్నులు అనుకుందాం. రోడ్డు వాలు 6 శాతం, అంటే వంద మీటర్లు వెళ్తే ఆరు మీటర్లు ఎక్కుతుంది. ఆ వాలు బండిని వెనక్కి లాగే బలం దాదాపు 1,770 న్యూటన్లు. టైర్ల ఒరిపిడి ఇంకో 440. మొత్తం 2,200 న్యూటన్లు అనుకోండి. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో ఎక్కడానికి చక్రాల దగ్గర సుమారు 25 హెచ్‌పీ చాలు. గేర్‌బాక్స్‌లో, హౌసింగ్‌లో పోయేది కలిపితే ఇంజిన్ దగ్గర 28. 40 వేగంతో ఎక్కాలంటే 38 దాకా కావాలి.

పాత బొలెరో పికప్‌లోని 2523 సీసీ డీఐ ఇంజిన్, 207 డీఐలోని 2956 సీసీ ఇంజిన్ కొత్తలో సుమారు 60 హెచ్‌పీ ఇచ్చేవి. కొరాపుట్ సముద్రమట్టానికి దాదాపు 870 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ గాలి పలచన కాబట్టి టర్బో లేని ఇంజిన్ సుమారు 8 శాతం బలం కోల్పోతుంది. అది తీసేసినా 55 మిగులుతుంది. కావాల్సింది 28 అయితే ఉన్నది 55. మరి ఎందుకు లాగట్లేదు?

రెండే కారణాలు. ఒకటి, 55 అనుకుంటున్నది నిజానికి 40కి పడిపోయి ఉంటుంది. రెండు, ఉన్న బలం ఆ వేగంలో, ఆ గేరులో ఇంజిన్‌కు అందుబాటులో లేదు. మూడో గేరులో ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) చాలక చచ్చిపోతుంది, రెండులో అరుస్తూ పరిగెత్తుతుంది. మొదటిది ఇంజిన్ పని, రెండోది గేరింగ్ పని.

## మొదటి దారి: ఉన్న ఇంజిన్‌ను దారిలో పెట్టడం

ఖర్చు తక్కువ, బండి ఒకట్రెండు రోజులే ఆగుతుంది, కాగితాలతో పని లేదు. ఏ బండికైనా ఇదే మొదటి మెట్టు. అందుకే దీని గురించే ఎక్కువ రాస్తున్నాను.

గాలి దగ్గర మొదలుపెట్టండి. మన వైపు ఎర్ర దుమ్ము చాలా సన్నం. కాగితం ఫిల్టరైతే కొట్టి దులిపి మళ్లీ బిగించడం ఆపి కొత్తది వేయాలి. పాత బళ్లలో ఆయిల్ బాత్ క్లీనర్ ఉంటే అడుగున చేరిన బురద తీసి, గీత వరకే ఆయిల్ పోయాలి. టర్బో ఉన్న బండైతే టర్బో నుంచి ఇంజిన్‌కు వెళ్లే రబ్బరు గొట్టాలను చేత్తో తడిమి చూడండి. బయట ఆయిల్ తడి కనిపిస్తే అక్కడ గాలి పోతున్నట్టే. టర్బో పోయిందని చెప్పే కేసుల్లో కొన్ని నిజానికి ఈ గొట్టం పగుళ్లే.

తరువాత డీజిల్. ఫిల్టర్, నీళ్లు వేరుచేసే సెడిమెంటర్ చూడాలి. వానాకాలంలో దాని కింది స్క్రూ వదిలి నీళ్లు తీసేయడం అలవాటు చేసుకోవాలి. నాజిళ్లు విప్పి టెస్టర్ మీద పెట్టించండి. డీజిల్ మంచులా చిమ్మాలి, ధారగా కారకూడదు. పంపును కాలిబ్రేషన్ బెంచ్ ఉన్న చోటే చేయించాలి. చెవితో విని స్క్రూ తిప్పే పద్ధతిలో నాలుగు సిలిండర్లకూ సమానంగా డీజిల్ అందదు. పంపు టైమింగ్, ట్యాపెట్ గ్యాప్ కూడా అప్పుడే చూపించండి.

పొగను చూసి చాలా తెలుసుకోవచ్చు. లోడు మీద నల్ల పొగ వస్తే డీజిల్ ఎక్కువైంది లేదా గాలి తక్కువైంది. నీలం పొగ అంటే ఇంజిన్ ఆయిల్ తాగుతోంది. వేడెక్కిన తరువాత కూడా తెల్ల పొగ ఆగకపోతే టైమింగో, నాజిలో, హెడ్ గ్యాస్కెట్టో అనుమానించాలి.

ఇంజిన్ బాగానే ఉన్నా బలాన్ని మధ్యలో తినేసేవి ఉంటాయి. క్లచ్ ప్లేటు జారుతుంటే ఆర్‌పీఎం పెరుగుతుంది గానీ బండి వేగం పెరగదు, ఎక్కేటప్పుడు కాలిన వాసన వస్తుంది. బ్రేక్ షూ పట్టేసి ఉంటే ఇంజిన్‌కు కనపడని లోడు. కొంత దూరం నడిపి ఆపి, నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టండి. ఒకటి మిగతావాటికంటే బాగా వేడిగా ఉంటే దొంగ దొరికినట్టే. సైలెన్సర్ లోపల మసి పేరుకున్నా, అది ఊడి అడ్డం పడినా ఇంజిన్‌కు ఊపిరి ఆడదు. టైర్లలో గాలి తక్కువైనా అంతే.

వేడి గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. బండి వేడెక్కుతోందని థర్మోస్టాట్ వాల్వు తీసి పారేయడం మన షెడ్లలో చాలాకాలంగా ఉన్న పద్ధతి. అది వద్దు. మైదానంలో ఇంజిన్ చల్లగానే తిరిగి డీజిల్ ఎక్కువ తాగుతుంది, రింగులు, లైనర్లు త్వరగా అరిగిపోతాయి. వేడికి అసలు కారణం సాధారణంగా రేడియేటర్ రెక్కల మధ్య గట్టిపడిన మట్టి, సడలిన ఫ్యాన్ బెల్టు, లేదా లోపల పేరుకున్న పాచి. అది శుభ్రం చేయించి, కొత్త థర్మోస్టాట్ వేసి, కూలెంట్ పోయించండి.

ఈ పనులన్నీ అయ్యాక సగం బళ్లకు ఇంకేమీ అక్కర్లేదని నా నమ్మకం.

## రెండో దారి: బోరు పని

ఇంజిన్ బోరుకొచ్చిందని ఎవరో చెప్పగానే విప్పించకండి. మొదట కంప్రెషన్ టెస్ట్ చేయించండి. నాలుగు సిలిండర్ల రీడింగులూ కాగితం మీద రాయించుకోండి. అన్నీ కంపెనీ చెప్పిన అంకెకు దగ్గరగా ఉండి, వాటి మధ్య తేడా 10 శాతం లోపే ఉంటే బోరు పని అవసరం లేదు. ఒక్క సిలిండర్‌లోనే తక్కువైతే వాల్వు కావచ్చు, గ్యాస్కెట్ కావచ్చు. హెడ్ పనితో సరిపోతుంది. అన్నిట్లోనూ తక్కువై, ఆయిల్ పోసే మూత తీస్తే గుప్పుగుప్పుమని పొగ వస్తుంటే, ఆయిల్ కూడా తాగుతుంటే అప్పుడు బోరు పనికి వెళ్లాలి.

మంచి బోరు పని బండికి కొత్త వయసు ఇస్తుంది. కానీ అది కంపెనీ ఇచ్చిన బలాన్ని తిరిగి ఇస్తుందే తప్ప దాన్ని పెంచదు. పిస్టన్లు, రింగులు, లైనర్లు, బేరింగులతో పాటు ఆయిల్ పంపు, వాటర్ పంపు, టైమింగ్ సెట్ కూడా అప్పుడే చూసుకోవాలి. ఎలాగూ విప్పాక వీటి మీద పొదుపు చేస్తే మళ్లీ విప్పాల్సి వస్తుంది. పనయ్యాక మొదటి వారాల్లో నిండు లోడుతో ఘాటీ ఎక్కించకూడదు. అందుకే సంత సీజన్ మధ్యలో ఈ పని పెట్టుకోకండి.

## మూడో దారి: క్రౌన్ పినియన్ మార్పు

గేరింగ్ గురించి మాట్లాడేవాళ్లలో ఎక్కువమంది గేర్‌బాక్స్ గురించే ఆలోచిస్తారు. ఘాటీ బండికి నిజమైన తేడా వెనక హౌసింగ్‌లో ఉంటుంది. క్రౌన్ పళ్లను పినియన్ పళ్లతో భాగిస్తే వచ్చేదే నిష్పత్తి. 41 పళ్ల క్రౌన్, 8 పళ్ల పినియన్ అయితే 5.125. 41కి 10 అయితే 4.1. అంకె పెద్దదైతే లాగే బలం ఎక్కువ, పరుగు తక్కువ.

మీ బండిలో ఏముందో హౌసింగ్ విప్పకుండా తెలుసుకోవచ్చు. చదునైన నేల మీద బండి న్యూట్రల్‌లో పెట్టి, చక్రాలకు అడ్డలు వేసి, వెనక చక్రాల్లో ఒకదాన్ని మాత్రమే జాకీ మీద ఎత్తండి. ప్రొపెల్లర్ షాఫ్ట్ మీద సుద్దతో గీత పెట్టండి. ఎత్తిన చక్రాన్ని 20 చుట్లు తిప్పండి, షాఫ్ట్ తిరిగిన చుట్లు లెక్కపెట్టి 10తో భాగించండి. వచ్చినదే నిష్పత్తి. హ్యాండ్ బ్రేక్ వదిలేసి చేయాలి కాబట్టి అడ్డలు గట్టిగా ఉండాలి.

పై లెక్కలోని బండినే తీసుకుందాం. 3 టన్నులు, 6 శాతం వాలు, 215/75 ఆర్15 టైర్లు. మూడో గేరు నిష్పత్తి 1.4, టాప్ గేరు 1.0 అనుకుందాం.

| క్రౌన్ / పినియన్ పళ్లు | నిష్పత్తి | ఘాటీలో మూడో గేరు, 30 వేగం: ఆర్‌పీఎం | దానికి ఇంజిన్ ఇవ్వాల్సిన టార్క్ (తిప్పే బలం) | మైదానంలో టాప్ గేరు, 70 వేగం: ఆర్‌పీఎం |
|---|---|---|---|---|
| 41 / 10 | 4.1 | సుమారు 1,300 | 154 న్యూటన్ మీటర్లు | సుమారు 2,160 |
| 39 / 8 | 4.875 | సుమారు 1,540 | 129 న్యూటన్ మీటర్లు | సుమారు 2,570 |
| 41 / 8 | 5.125 | సుమారు 1,620 | 123 న్యూటన్ మీటర్లు | సుమారు 2,710 |

4.1 క్రౌన్‌తో 1,300 ఆర్‌పీఎం దగ్గర 154 న్యూటన్ మీటర్లు ఇవ్వడం టర్బో లేని పాత రెండున్నర లీటర్ల డీజిల్ వల్ల కాదు. అందుకే మూడో గేరు చచ్చిపోతుంది. 5.125 క్రౌన్‌తో అదే ఇంజిన్ 1,620 దగ్గర 123 ఇవ్వాలి. ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్ అది ఇవ్వగలదు, మూడో గేరులోనే ఎక్కేస్తుంది. ఇంజిన్‌ను ముట్టుకోకుండానే బండి స్వభావం మారిపోయింది.

దిగేటప్పుడు లాభం ఇంకా ఎక్కువ. యాక్సిలరేటర్ వదిలినప్పుడు ఇంజిన్ బండిని పట్టే బలాన్ని అదే నిష్పత్తి పెంచుతుంది. 4.1 నుంచి 5.125కి వెళ్తే అదే గేరులో పట్టు పావు వంతుకు మించి పెరుగుతుంది. కూరగాయల లోడుతో పొట్టంగి నుంచి సాలూరు దిగే బండికి అన్నిటికంటే ముందు కావాల్సింది ఇదే. బ్రేకులు వేడెక్కి మెత్తబడటం ప్రాణాల మీదకు వచ్చే విషయం.

ఇక నష్టాలు. సాలూరు దాటి విజయనగరం వైపు మైదానంలో పడ్డాక 70 వేగంలో ఇంజిన్ 2,700 తిరుగుతుంది. శబ్దం, డీజిల్ రెండూ పెరుగుతాయి. స్పీడోమీటర్ కేబుల్ గేర్‌బాక్స్ నుంచి వచ్చే బళ్లలో మీటరు అసలు వేగం కంటే ఎక్కువ చూపిస్తుంది, కిలోమీటర్లు కూడా ఎక్కువ తిరుగుతాయి. ఆ కేబుల్ గేరు మార్పిస్తే సరిపోతుంది. నాలుగు చక్రాలకూ పవర్ వెళ్లే బండైతే ముందు, వెనక రెండు హౌసింగుల్లోనూ ఒకే నిష్పత్తి ఉండి తీరాలి. ఒకటే మార్చి నాలుగు చక్రాలూ కలిపితే ట్రాన్స్‌ఫర్ కేసు విరుగుతుంది.

క్రౌన్, పినియన్ జతగా అరిగి కలిసిపోయే భాగాలు. ఒక బండి క్రౌన్, ఇంకో బండి పినియన్ కలపకూడదు. సెకండ్ హ్యాండ్ తీసుకున్నా జతగానే తీసుకోండి, రెండింటి మీదా జత నంబరు ఒకటే ఉందో లేదో చూడండి. బిగించేవాళ్లు డయల్ గేజ్‌తో పళ్ల మధ్య సందు కొలుస్తారా అని ముందే అడగండి. చేత్తో ఊపి "సరిపోయింది" అనేవాళ్ల దగ్గర ఈ పని చేయించొద్దు. అలా బిగించినది కొన్నాళ్లకే ఊళ పెడుతుంది, ఆ తరువాత పళ్లు రాలతాయి. సాలూరు లారీల ఊరు కాబట్టి అక్కడ హౌసింగ్ పని తెలిసిన మేస్త్రీలు దొరుకుతారు. నా ఓటు అటే.

## టైర్ల సైజు

ఇది మార్పు అని చాలామందికి తెలియకుండానే గేరింగ్ మార్చేస్తుంది. 215/75 ఆర్15 తీసి 235/75 ఆర్15 వేస్తే టైరు చుట్టుకొలత 4 శాతం పైగా పెరుగుతుంది. 5.125 క్రౌన్ ఉన్న బండి అప్పుడు 4.9 క్రౌన్ ఉన్నట్టు నడుస్తుంది. ఎత్తుగా కనిపిస్తుందని పెద్ద టైర్లు వేసి, ఆ తరువాత బండి లాగట్లేదని టర్బో గురించి అడిగేవాళ్లున్నారు. ముందు కంపెనీ సైజుకు తిరిగి రండి.

## నాలుగో దారి: గేర్‌బాక్స్

నాలుగు గేర్ల బాక్స్ తీసి ఐదు గేర్లది వేస్తే మైదానంలో లాభం. ఐదో గేరు ఓవర్‌డ్రైవ్, నిష్పత్తి ఒకటి కంటే తక్కువ. 0.83 అనుకుంటే, 4.1 క్రౌన్‌తో 2,000 ఆర్‌పీఎం దగ్గర టాప్ గేరులో 65 వెళ్లే బండి ఐదో గేరులో 78 వెళ్తుంది. కానీ ఘాటీలో ఐదో గేరు ఉన్నా లేకున్నా ఒకటే.

గేర్‌బాక్స్ మార్పు అసలు పనికొచ్చేది క్రౌన్ మార్పుతో జతగా చేసినప్పుడు. 5.125 క్రౌన్ ఎక్కడానికీ దిగడానికీ సాయపడుతుంది, ఐదో గేరు మైదానంలో ఆ క్రౌన్ చేసే నష్టాన్ని పూడుస్తుంది. అదే 0.83 గేరుతో 5.125 క్రౌన్ బండి 2,000 ఆర్‌పీఎం దగ్గర 62 వెళ్తుంది. ఘాటీ, మైదానం రెండూ సమానంగా తిరిగే బండికి ఇంతకంటే మంచి జోడీ లేదు.

చూసుకోవాల్సింది బెల్ హౌసింగ్, ఇన్‌పుట్ షాఫ్ట్ పళ్లు, మౌంటింగ్, ప్రొపెల్లర్ షాఫ్ట్ పొడవు. అదే కంపెనీ, అదే ఇంజిన్ కుటుంబంలోని బాక్స్ అయితే ఇవన్నీ కలుస్తాయి. వేరే కంపెనీ బాక్స్‌ను ప్లేటు కోసి అతికించే పనికి దూరంగా ఉండండి. కొంచెం వంకరగా కూర్చున్నా క్లచ్, బేరింగులు వరసగా పోతాయి. ఆయిల్ విషయంలో కూడా జాగ్రత్త. హౌసింగ్‌కు జీఎల్-5 ఆయిల్ కావాలి, ఇత్తడి సింక్రో రింగులున్న చాలా గేర్‌బాక్సులకు జీఎల్-4 కావాలి. ఒకే డబ్బా రెండింటిలోనూ పోయించకండి. మీ బండి పుస్తకంలో రాసినదే పోయాలి.

## ఐదో దారి: పంపు పెంచడం, టర్బో, చిప్

పంపు స్క్రూ తిప్పి డీజిల్ పెంచడం అన్నిటికంటే చవక, అన్నిటికంటే ప్రమాదం. కిలో డీజిల్ పూర్తిగా కాలడానికి దాదాపు 14.5 కిలోల గాలి కావాలి. డీజిల్ ఇంజిన్‌లో పొగ రాకుండా ఉండాలంటే దానికంటే ఇంకా ఎక్కువే ఉండాలి. గాలి పెంచకుండా డీజిల్ పెంచితే ఆ మిగులు నల్ల పొగగా, వేడిగా మారుతుంది. పికప్ కొంచెం పెరిగినట్టు అనిపిస్తుంది, ఘాటీలో మాత్రం పిస్టన్ నెత్తి మాడుతుంది.

టర్బో గాలిని పెంచుతుంది కాబట్టి సిద్ధాంతంగా సరైన దారి. ఎత్తులో గాలి పలచబడే సమస్య కూడా చాలావరకు తీరుతుంది. అయితే టర్బో లేకుండా పుట్టిన ఇంజిన్‌కూ టర్బోతో పుట్టిన ఇంజిన్‌కూ లోపల తేడాలుంటాయి. టర్బో ఇంజిన్‌లో సాధారణంగా కంప్రెషన్ నిష్పత్తి తక్కువ పెడతారు, పిస్టన్ల కింద ఆయిల్ చిమ్మే జెట్లు ఇస్తారు, గ్యాస్కెట్ గట్టిది వేస్తారు, రేడియేటర్ పెద్దది ఇస్తారు. ఇవేవీ లేకుండా టర్బో ఒక్కటీ బిగిస్తే కొన్నాళ్లు ఎగిరినట్టే ఉంటుంది, ఆ తరువాత హెడ్ గ్యాస్కెట్ పోతుంది.

తప్పదనుకుంటే ఇంజిన్ కంప్రెషన్ ఆరోగ్యంగా ఉండాలి, బూస్ట్ తక్కువగా పెట్టాలి, టర్బోకు ఆయిల్ వచ్చే గొట్టం, తిరిగి కార్టర్ (ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి)లోకి దిగే గొట్టం సరైన వాలులో ఉండాలి, ఎగ్జాస్ట్ వేడి చూపించే మీటరు తప్పనిసరిగా పెట్టించాలి. టర్బోలోకి వెళ్లే ముందు ఆ వేడి 700 డిగ్రీల దగ్గరకు వస్తే కాలు తీసేయాలి. ఘాటీ ఎక్కి ఆపగానే ఇంజిన్ ఆర్పకుండా ఒకట్రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచాలి.

కామన్ రైల్ బళ్లకు (కంప్యూటర్ అదుపులో డీజిల్ చిమ్మే బళ్లకు) ఆ కంప్యూటర్ లెక్క మార్చి బలం పెంచే చిప్ పెట్టడం కూడా ఇదే కోవలోకి వస్తుంది. పాత క్లచ్, పాత నాజిళ్ల మీద కొత్త బలం రుద్దితే ముందు క్లచ్ జారుతుంది. ఆ బళ్లలో ఈజీఆర్ వాల్వు (ఎగ్జాస్ట్ పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపేది), ఇన్‌టేక్ మానిఫోల్డ్ లోపల మసి గడ్డకట్టి ఉంటుంది. అది విప్పి శుభ్రం చేయిస్తే చిప్ లేకుండానే ఊపిరి తిరిగి వస్తుంది.

## ఆరో దారి: ఇంజిన్ మార్పు

అదే మోడల్ ఇంజిన్, మంచి స్థితిలో, కాగితాలతో దొరికితే కొన్నిసార్లు బోరు పని కంటే ఇదే నయం, బండి ఆగే రోజులు తక్కువ. వేరే ఇంజిన్ అయితే మాట వేరు. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకు ఆర్సీలో తేడా వచ్చే మార్పులు చేయకూడదు. 2019 సవరణ తరువాత, అలా మార్చిన ఓనర్‌కు ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అదే రకం ఇంజిన్ వేసినా నంబరు మారుతుంది. ఆర్టీవో ఆఫీసులో ముందే అనుమతి తీసుకుని, ఆర్సీలో కొత్త నంబరు ఎక్కించుకోవాలి. ఆ ఇంజిన్ ఏ బండిదో చెప్పే బిల్లు లేకుండా కొనకండి. నంబరు కలవని బండికి యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గరా చిక్కు వస్తుంది.

## ఎవరికి ఏది

| మీ బండి పని | మొదట | తరువాత | వద్దు |
|---|---|---|---|
| లోడుతో దిగి, ఖాళీగా ఎక్కే కూరగాయల బండి | బ్రేకులు, ఇంజిన్ సర్వీసు | పెద్ద అంకె క్రౌన్ | టర్బో |
| లోడుతో ఎక్కే కిరాణా, సిమెంటు బండి | కూలింగ్, పంపు, నాజిళ్లు, కంప్రెషన్ టెస్ట్ | క్రౌన్, అవసరమైతే బోరు పని | పంపు స్క్రూ తిప్పడం |
| ఘాటీ, మైదానం సమానంగా తిరిగేది | సర్వీసు | క్రౌన్, ఐదు గేర్ల బాక్స్ జతగా | పెద్ద టైర్లు |
| ఎక్కువగా మైదానం | సర్వీసు, టైరు గాలి | ఐదు గేర్ల బాక్స్ | పెద్ద అంకె క్రౌన్ |
| కొండ ఊళ్ల సంతలకు మట్టి దారిలో తిరిగేది | క్లచ్, కమాన్లు, టైర్లు | క్రౌన్ | వేరే కంపెనీ ఇంజిన్ |

ఒక్క పనికే డబ్బుందంటే, లోడుతో ఎక్కినా దిగినా, సర్వీసు అయ్యాక నేను క్రౌన్ మార్పే ఎంచుకుంటాను. ఇంజిన్ మీద ఒత్తిడి పెంచకుండా బండిని ఘాటీకి తగ్గట్టు మార్చేది అదొక్కటే. డ్రైవర్‌ను పెట్టి నడిపించేవాళ్లకు ఇది ఇంకా నప్పుతుంది. టర్బో బండికి ఎగ్జాస్ట్ మీటరు చూస్తూ కాలు తీసే డ్రైవర్ కావాలి, అలాంటివాళ్లు ఎప్పుడూ దొరకరు. క్రౌన్ మార్చిన బండిని ఎవరు నడిపినా పెద్ద తేడా ఉండదు.

బండిని రెండేళ్లలో అమ్మేద్దామనుకుంటే సర్వీసుతో ఆపండి. మార్పులు చేసిన బండికి సెకండ్ హ్యాండ్‌లో ధర పెరగదు, కొనేవాడికి అనుమానం పెరుగుతుంది. ఇంకా ఐదారేళ్లు నడుపుతామనుకునేవాళ్లే గేర్‌బాక్స్ దాకా వెళ్లాలి.

ఎనిమిదేళ్లు దాటిన రవాణా బండికి ప్రతి ఏడాదీ ఫిట్‌నెస్ కావాలి. ఏ పనైనా ఆ తేదీకి నెల ముందే ముగించుకోండి. పొగ పరీక్షలో బీఎస్-4 (భారత్ స్టేజ్-4 కాలుష్య ప్రమాణం) కంటే పాత డీజిల్ బళ్లకు 65 హెచ్‌ఎస్‌యూ (పొగ చిక్కదనం కొలత), బీఎస్-4 బళ్లకు 50 హెచ్‌ఎస్‌యూ దాటకూడదు. పంపు పని చేయించాక ఆ రీడింగు ఎంతో చూసి దాచుకోండి. ఆ అంకె పెరుగుతూ పోతుంటే నాజిళ్లో, ఫిల్టరో మళ్లీ చూడాలి. క్రౌన్ మార్పిస్తే మొదటి కొద్ది రోజులు సగం లోడుతోనే నడపండి. అరగంట నడిపి ఒకసారి ఆగి హౌసింగ్ వేడి చూడండి, 500 కిలోమీటర్లకు ఆయిల్ మార్చేయండి. తీసిన ఆయిల్‌లో వేళ్లకు తగిలే ఇనుప ముక్కలుంటే బిగించిన మేస్త్రీ దగ్గరకే తిరిగి వెళ్లి సందు మళ్లీ కొలిపించండి.